పేజీ మీద మిగిలిపోయిన హెచ్చరిక

కాదు, దాన్ని జాగ్రత్త అనకండి. నిన్నటి నుంచి గ్రూపులో ఒకరి తర్వాత ఒకరు అదే మాట. "నువ్వు జాగ్రత్తగా ఉన్నావు, అంతే కదా, ఇందులో సిగ్గుపడేదేముంది?" అని ఒకాయన. "పేజీ చూసుకునేవాళ్లు తొందరపడకూడదు, నువ్వు చేసిందే కరెక్ట్" అని ఇంకొకావిడ. మిగతావాళ్లు ఆ మాటల కింద బొటనవేళ్లు, గుండెకాయలు పెడుతున్నారు. అవి చూస్తుంటే ఫోన్ తీసుకెళ్లి మూసీలో విసిరేయాలనిపిస్తోంది. విసరను. అది చేతిలో లేకపోతే నాకు గడవదు. జరిగిందంతా కూడా దాంట్లోనే జరిగింది.

నన్ను వెనకేసుకొచ్చే ముందు అసలేమైందో వినండి.

నేను ఒక కంపైలర్‌కి సంబంధించిన పేజీ చూసుకుంటాను. కంపైలర్ అంటే మనం రాసిన ప్రోగ్రాంని యంత్రం నడపగలిగేలా మార్చిపెట్టేది. మా కంపైలర్‌ని ఎక్కడెక్కడివాళ్లో కలిసి, ఎవరి తీరిక వేళల్లో వాళ్లు, జీతం లేకుండా తయారుచేస్తారు. ప్రోగ్రాం రాసే భాషకి కొన్నేళ్లకొకసారి కొత్త స్టాండర్డ్ వస్తుంది. కొత్త సదుపాయాలు, కొత్త నియమాలు. మా కంపైలర్ దాన్ని ఎంతవరకు అందుకుంది, నమ్మి పని చేసుకోవచ్చా లేదా అనేది చెప్పడానికే ఆ పేజీ. ఒక్కో సదుపాయానికి ఒక్కో గడి, పక్కనే అది ఏ వర్షన్‌లో వచ్చిందో. అన్నిటికన్నా పైన ఒక పసుపు రంగు డబ్బా. అందులో ఒకే వాక్యం: ఈ స్టాండర్డ్‌కి సపోర్ట్ ఇంకా ఎక్స్‌పెరిమెంటల్.

ఆ పని నాకు ఎవరూ పిలిచి ఇవ్వలేదు. కొట్లాడి తెచ్చుకున్నాను. ఉప్పుగూడ నుంచి ఆఫీసుకి లోకల్ రైల్లో వెళ్తూ ఆ పేజీ చదివేదాన్ని. తప్పు కనిపిస్తే అక్కడికక్కడే, దాన్ని చేసేవాళ్లూ వాడేవాళ్లూ ఉండే గ్రూపులో లొల్లి. ఈ వర్షన్ నంబర్ తప్పు, ఆ లింకు తెరుచుకోవడం లేదు, అసలు ఎవరైనా చూస్తున్నారా లేదా అని. కంపైలర్‌తో పాటు వచ్చే రెడీమేడ్ ప్రోగ్రాం ముక్కలు, వాటినే లైబ్రరీ అంటాం, అవి రాసే పెద్దాయన ఒకరున్నారు, ఎక్కడో చలిదేశంలో ఉంటారు. ఒకరోజు ఆయనకు విసుగొచ్చి, "ఇంత కోపం ఉన్నవాళ్లే పేజీని బాగా చూసుకుంటారు, తీసుకో" అని మార్చే అధికారం నాకే ఇచ్చేశారు.

ఆ సాయంత్రం ఇంట్లో గొప్పగా చెప్పాను. బాపు పేపర్లోంచి తలెత్తకుండానే అడిగాడు.

"జీతమెంతనట?"

"జీతం లేదు బాపూ."

"మరి గంత దూరమెందుకు? లొల్లి ముఫత్‌ల ఇంట్లనే పెడ్తున్నవ్ గద."

ఎక్స్‌పెరిమెంటల్ అంటే పని చేయదని కాదు. షేర్వాణీ కుట్టేచోట ఒకరు ఒంటి భాగం కుడతారు, ఇంకొకరు చేతులు కుడతారు. ఇద్దరి దగ్గరా ఒకే కొలత ఉంటేనే చెయ్యి భుజానికి అతుకుతుంది. మధ్యలో మాస్టర్ కొలత మార్చాడా, నిన్న కుట్టిన చెయ్యి ఇవాళ్టి భుజానికి పట్టదు. ప్రోగ్రాం కూడా ముక్కలు ముక్కలుగానే తయారవుతుంది. పాత వర్షన్‌తో చేసిన ముక్క కొత్త వర్షన్‌తో చేసిన ముక్కకి అతకాలంటే లోపలి కొలతలు మారకూడదు. ఎక్స్‌పెరిమెంటల్ అంటే, ఇంకా కొలతలు మార్చినా మార్చవచ్చు, మమ్మల్ని అడగొద్దు అని. స్టేబుల్ అంటే, ఇక మార్చం అని మాట ఇవ్వడం. ఏ వర్షన్ నుంచి ఆ మాట ఇచ్చామో కూడా రాయాలి. అంతకు ముందు కుట్టిన చేతులు దాచుకున్నవాళ్లు ఉంటారు కదా.

ఇదంతా నాకు తెలుసు. ఎవరైనా అడిగితే ఇంతకన్నా బాగా, ఇంతకన్నా గట్టిగా చెప్పేదాన్ని.

ఇంజనీరింగ్ కాలేజీలో నాకు ఒక సీనియర్ ఉండేవాడు. భాయ్ అంటాను, నన్ను చెల్లె అంటాడు. కాలేజీలో నేను ఎవరి మీదికి వెళ్లినా మధ్యలోకొచ్చి సర్దింది ఆయనే. హుస్సేనీ ఆలంలో ఇంటి పైనున్న గదిలో ఒక చిన్న వర్క్‌షాప్ పెట్టుకున్నాడు. మసీదుల్లో గోడకు తగిలించే నమాజు వేళల బోర్డులు చేస్తాడు, ఎర్రటి అంకెలతో వెలిగేవి. వాటితో ఇల్లు నడవదు కాబట్టి రాత్రిళ్లు కాల్ సెంటర్‌లో ఉద్యోగం. పొద్దున్నే వచ్చి పడుకుంటాడు. బిడ్డ స్కూల్ నుంచి వచ్చే వేళకి లేచి తయారవుతాడు. "నా బిడ్డ నన్ను ఎప్పుడు చూసినా నేను చెప్పులేసుకుంటనే ఉంట" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు.

పండ్లు నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీల కంపెనీ ఒకటి ఆయన దగ్గరికి వచ్చింది. గోదాంలో చలి తగ్గగానే అలారం మోగించే పెట్టెలు కావాలన్నారు. ఒకటి చేసి చూపిస్తే నచ్చింది. ఆ ఆర్డర్ చేతికొస్తే రాత్రి ఉద్యోగం మానేయొచ్చు. అక్కడ చెప్పేశాడు కూడా, ఈ నెల వరకే వస్తానని. మిగిలింది ఒక్కటే, కంపెనీ ఇంజనీరు ప్రోగ్రాం చూసి సంతకం పెట్టడం. ఆ ఇంజనీరుకు ఒక నియమం ఉంది. ఎక్స్‌పెరిమెంటల్ అని రాసి ఉన్నదేదీ వాడకూడదు. భాయ్ ఆ పెట్టె ప్రోగ్రాం రాసింది మా కంపైలర్‌తో, ఆ స్టాండర్డ్‌లోనే కాబట్టి ఆయన మా పేజీ తెరిచాడు. పసుపు డబ్బా చూశాడు.

భాయ్ ఫోన్ చేసేసరికి నేను అఫ్జల్‌గంజ్‌లో బస్సు కోసం నిలబడి ఉన్నాను. అంతకు ముందే ఒక ఆటో అతనితో గొడవ పడి దిగాను. ఆ వేడి ఇంకా తగ్గలేదు.

"చెల్లె, ఒక పనుంది. నీ పేజీల పైన పసుపు డబ్బా ఉంది సూడు."

"ఉంది. ఏమైంది?"

"గది ఇంకా ఉండాల్నా? నేను గీ స్టాండర్డ్ ఎన్నేండ్ల సంది వాడుతున్న. మస్తు నడుస్తుంది. బోర్డులన్ని దాని మీదనే."

"నువ్వు వాడినవని తీస్తనా భాయ్? ఎవ్వడు పడితే వాడొచ్చి తీయమంటే పేజీ ఏమైతది?"

"నేను ఎవ్వడు పడితే వాడా?"

"పేజీకి గంతే."

"అరె, నా మాట నమ్మకు తల్లీ. మీ పెద్దాయన ఉన్నడు గద, ఆయన్ని అడుగు. ఆయన హౌ అంటెనే రాయి, లేకుంటె నక్కో. అడిగితె ఏం పోతది?"

ఇక్కడ ఆగండి. ఈ మాట గుర్తుపెట్టుకోండి. అడగమన్నాడు. అడిగి, నిజమైతేనే రాయమన్నాడు. నాకు మాత్రం వెనకాల హారన్ల మోతలో ఒక్కటే వినబడింది: నా ఆర్డర్ కోసం నీ పేజీ మార్చు.

"ఆర్డర్ కోసం నాతోని అబద్ధం రాయిస్తవా భాయ్?"

నా బస్సు వచ్చి ఆగింది.

"అబద్ధం రాయమన్ననా నేను?"

"అడగాలంటే గ్రూపుల అడుగు, అందరి ముందట. గదే రూలు" అని కట్ చేసి బస్సెక్కాను.

ఆయన రూలు ప్రకారమే పోయాడు. ఆ రాత్రే గ్రూపులో పద్ధతిగా అడిగాడు. ఈ స్టాండర్డ్ ఏ వర్షన్ నుంచి స్టేబుల్ అనుకోవచ్చు, అది పేజీలో రాస్తే మాలాంటి చిన్నవాళ్లకు మేలు అవుతుంది అని. మర్నాడు పొద్దున రైల్లో, ఒక చేత్తో పైన కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో జవాబు కొట్టాను. "కొందరికి ఆర్డర్లు కావాలి. వాటికి తగ్గట్టు పేజీలు మారాలి. ఇక్కడ ఆ పప్పులు ఉడకవు." రైలు మలక్‌పేట దాటకముందే దానికి నాలుగైదు చప్పట్లు పడ్డాయి. ఒళ్లంతా తేలికైపోయినట్టనిపించింది. ఆఫీసుకి వెళ్లేదాకా ఎన్నిసార్లు తెరిచి చూసుకున్నానో.

నాకు తెలియనిదేమిటంటే, భాయ్ ఆ లింకుని కంపెనీ ఇంజనీరుకు పంపించి ఉన్నాడు. "అడిగాను సార్, జవాబు అక్కడే వస్తుంది" అని. వచ్చిన జవాబు నాది.

ఆ ఇంజనీరు తప్పు ఏం ఉందని? ఆయన ముందు రెండే ఉన్నాయి. ఎక్స్‌పెరిమెంటల్ అని రాసి ఉన్న పేజీ ఒకటి. అడిగినవాడు మాయగాడు అన్నట్టు పేజీ చూసే మనిషే రాసిన జవాబు ఒకటి. ఆర్డర్ ఇంకొకరికి వెళ్లిపోయింది.

పెద్దాయన జవాబు ఆ తర్వాత వచ్చింది. "సెలవులో ఉన్నాను, ఆలస్యానికి క్షమించాలి. ఇది చాలా వర్షన్ల కిందటే స్టేబుల్ అయింది. కొలతలు మార్చడం అప్పుడే ఆపేశాం. పేజీలో రాసే ఉంటుందనుకున్నాను."

అన్నం తింటూ చదివాను. మొదట వచ్చింది సిగ్గు కాదు, కోపమే. అనుకోవడమేంటి, చెప్పాలి కదా అని ఎడమ చేత్తో బరబరా కొట్టాను. పంపబోయి ఆగాను. చెప్పడానికి ఆయన ఎవరికి చెప్పాలి? పేజీ నాది.

చెయ్యి కడుక్కుని పాత పేజీలన్నీ తెరిచాను. కొత్త వర్షన్ వచ్చినప్పుడల్లా పాత పేజీని కాపీ చేసి, కింద కొత్త గళ్లు చేర్చడం మా దగ్గర పద్ధతి. నాకన్నా ముందువాళ్లు అట్లాగే చేశారు, నేనూ అట్లాగే చేశాను. గళ్లతో పాటు పైనున్న డబ్బా కూడా కాపీ అవుతూ వచ్చింది. రోడ్డు వేసి మనుషులు వెళ్లిపోయినా 'పనులు జరుగుచున్నవి' బోర్డు గల్లీ మూల మీద నిలబడే ఉంటుంది చూడండి, అట్లా. ఏదైనా విరిగితే ఎవరో ఒకరు తిట్టుకుంటూ వస్తారు. బాగా నడుస్తున్నదని చెప్పడానికి ఎవరూ రారు. ఇవాళ్టితో ఇది స్టేబుల్ అయిందహో అని దండోరా వేసే రోజంటూ ఒకటి ఉండదు. రాసే అమ్మాయి ఉంది కదా అని లైబ్రరీవాళ్లు ఊరుకున్నారు. వాళ్లు చెబితే రాద్దాంలే అని నేను అనుకున్నాను, అని చెప్పుకోవచ్చు. కానీ అది కూడా నిజం కాదు. నేను ఏమీ అనుకోలేదు. ఆ డబ్బా రంగు కాస్త ముదురుగా ఉందని మార్చాను ఒకసారి. లోపల రాసింది చదవలేదు.

ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నాను. కొలతలు చివరిసారి ఎప్పుడు మారాయో వెతికి, ఆ తర్వాతి వర్షన్ పట్టుకుని, పెద్దాయన్ని ఇదేనా అని అడిగాను. ఇదే అన్నారు. డబ్బా తీసేసి ఒక వాక్యం రాశాను, ఈ వర్షన్ నుంచి స్టేబుల్, అంతకు ముందు వర్షన్లతో చేసిన ముక్కలు కలపొద్దు అని. సాయంత్రం చాయ్ వేళకి పని అయిపోయింది. ఇంతే. భాయ్ అడిగింది ఈ ఒక్క మధ్యాహ్నమే.

మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా హుస్సేనీ ఆలం వెళ్లాను. ఎప్పుడు వెళ్లినా భాభీ తలుపు దగ్గరే చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతుంది, తిన్నావా అని అడుగుతుంది. ఆరోజు తలుపు తీసి "ఊపర్ హై" అని పక్కకు జరిగింది. మెట్లెక్కాను. భాయ్ టేబుల్ మీద తీగలు చుట్టి డబ్బాలో పెడుతున్నాడు. అలారం పెట్టె ఒక మూలన, ప్లగ్గు తీసి ఉంది.

"ఆవ్ ఆవ్. పేజీ మేడం వచ్చింది" అన్నాడు, ఇటు తిరగకుండానే.

"పేజీ మార్చిన భాయ్. నువ్వు చెప్పిందే నిజం. ఏ వర్షన్ సందో గుడ రాసిన."

"సూసిన. మంచిగ రాసినవ్."

"ఆ ఇంజనీర్ నంబర్ ఇయ్యి. నేను మాట్లాడ్త. తప్పు నాదని చెప్త."

"నక్కో. ఆర్డర్ వేరేటోనికి ఇచ్చిన్రు, అయిపోయింది. ఇప్పుడు నువ్వు ఫోన్ చేస్తె నేను సిఫారస్ పట్టుకొచ్చినట్టుంటది. ఒక్కసారి చోర్ అనిపించుకున్న, చాలు."

"నేను చోర్ అనలే భాయ్."

ఆయన తన ఫోన్ తీసి నా జవాబు చదివాడు. నా గొంతుతో, నేను కోపంలో తల ఎట్లా ఆడిస్తానో అట్లా ఆడిస్తూ. పప్పులు ఉడకవు అన్నచోట వేలు కూడా ఊపాడు. ఇంకెప్పుడైనా అయితే నవ్వేదాన్ని.

"గిది ఏంది మరి? ముద్దు పేరా?"

ఫోన్ నా ముందు టేబుల్ మీద పెట్టాడు.

"ఒకటి చెప్పు. నీ ఆఫీసుల నువ్వు ఏ స్టాండర్డ్ రాస్తవ్?"

"గదే."

"ఏ కంపైలర్?"

"మనదే."

"ఎన్ని దినాల సంది?"

"చేరినప్పటి సంది."

"గప్పుడు పసుపు డబ్బా కండ్లకు ఆనలే? నీకైతె నడుస్తది, నాకైతె ఎక్స్‌పెరిమెంటల్. వా!"

జీతం తీసుకునే ప్రతి ప్రోగ్రాం ఆ స్టాండర్డ్‌లోనే రాస్తున్నాను, ఒక్కరోజు కూడా భయపడలేదు. ఆ పేజీ మీద వాక్యం నాకు వర్తిస్తుందని ఎప్పుడూ అనిపించలేదు.

"మాఫ్ చెయ్ భాయ్" అన్నాను.

"నా ఇంట్ల, నా చెవుల చెప్తె ఎట్ల? ఏడ అన్నవో ఆడ చెప్పు."

అక్కడే స్టూలు మీద కూర్చుని కొట్టాను. నా చేతులకు అంత సేపు ఎప్పుడూ పట్టలేదు. పంపేలోపు ఆయన చెయ్యి చాపాడు. ఫోన్ ఇచ్చాను. వేరేవాళ్ల రాతలో తప్పులు నేనెట్లా పడతానో అట్లా పట్టడం మొదలుపెట్టాడు.

"'కొంచెం తొందరపడ్డాను' అట. కొంచెమా? తీసెయ్."

తీశాను.

"'ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే'. ఎవరిదైనా ఏంది? నేను గీడనే నిలబడ్డ గద."

అదీ తీశాను.

"'పేజీ మీద నమ్మకం పోకూడదనే ఉద్దేశంతో'. సూసినవా, ఆఖరికి గిది పెట్టినవ్. గిదే చెల్లె నువ్వంటె. మాఫీ అడుక్కుంట గుడ సర్టిఫికెట్ రాసుకుంటవ్."

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో కూడా ఒక మాట తిరిగి అనాలని నాలుక మీదికి వచ్చింది. మింగాను. మిగిలింది రెండు మూడు వాక్యాలే. ఆయన అబద్ధం రాయమనలేదు. నిజం కనుక్కుని రాయమన్నాడు. నేను కనుక్కోకుండానే ఆయన్ని అందరి ముందు మోసగాణ్ని చేశాను, ఆయన పని పోయింది. పంపించాను.

భాయ్ తన ఫోన్‌లో అది వచ్చిందో లేదో చూసుకున్నాడు. చూసి జేబులో పెట్టుకున్నాడు. పర్వాలేదు అనలేదు. కింద గల్లీలో కాల్ సెంటర్ క్యాబ్ హారన్ కొట్టింది. మానేస్తానన్న ఉద్యోగానికే మళ్లీ అడుక్కుని చేరాడని నాకు అప్పుడే తెలిసింది. సంచీ భుజానికేసుకుని మెట్లు దిగాడు, వెనకాల నేను. సగం మెట్ల దగ్గర ఆయన కూతురు స్కూల్ డ్రెస్సులోనే నిలబడి ఉంది. నన్ను చూడలేదు, వాళ్ల నాన్న సంచీని చూసింది.

"ఆజ్ భీ, అబ్బా?" అంది, ఇవాళ కూడానా అని.

"హౌ బేటా. ఆజ్ భీ."

ఆ పిల్ల గోడకు ఒదిగి దారి ఇచ్చింది. ముందు ఆయనకు, తర్వాత నాకు.

ఇంటికొచ్చి గ్రూపు తెరిచేసరికి ఓదార్పులు మొదలయ్యాయి. ఇంకా వస్తూనే ఉన్నాయి. జాగ్రత్త మంచిదే అంటున్నారు. నేను కాదన్నానా? స్టేబుల్ కానిదాన్ని స్టేబుల్ అని రాసి ఉంటే ఇదే గ్రూపు నన్ను చీల్చి చెండాడేది. స్టేబుల్ అయినదాన్ని ఇంకా కాలేదని ఏళ్ల తరబడి వదిలేస్తే గుండెకాయలు పెడుతోంది. అటు తప్పయితే తిట్లు, ఇటు తప్పయితే మెప్పు. నేను ఎటువైపు నిలబడ్డానో, ఎందుకు నిలబడ్డానో నాకు తెలుసు. అది భద్రమైన చోటు. ఆ భద్రతకి అయిన ఖర్చు నా ఇంట్లో పడలేదు, హుస్సేనీ ఆలంలో పడింది. అడిగి తెలుసుకోవడానికి ఒక మధ్యాహ్నం కూడా పెట్టనిదాన్ని జాగ్రత్తపరురాలు అంటారా? సరే, అనండి. కానీ నాకు మెసేజ్ పెట్టి కాదు. సాయంత్రం క్యాబ్ వచ్చే వేళకి నాతో వచ్చి, ఆ మెట్ల మీద నిలబడి, మీ అబ్బా చెల్లెలు చాలా జాగ్రత్త మనిషమ్మా అని ఆ పిల్ల మొహం చూసి చెప్పగలరా మీరు?